పై వాగు, కింది వాగు

"ప్రకృతికి మనం చేసే ప్రతి అపకారానికీ సరిసమానమైన ఉపకారాన్ని, వేరొక చోట, వీలైనంత త్వరలో, నిధుల లభ్యతకు లోబడి, చేసి తీరుదుము గాక!"

వాగు నిర్వహణ శాఖ సమావేశ మందిరంలో పెద్దసారు ఈ తీర్మానాన్ని నిలబడి చదివారు. చదివి కూర్చోబోతూ, ఎవరూ చప్పట్లు కొట్టడం లేదని గమనించి మళ్లీ నిలబడ్డారు. అప్పుడు గానీ అందరికీ తీర్మానం అయిపోయిందని తెలియలేదు. చప్పట్లు మోగాయి. అందరికంటే ముందు మొదలుపెట్టి అందరికంటే ఆలస్యంగా ఆపినవాడు మన నునుపు ఇంజనీరు.

ఆ పేరు అతనికి ఊరికే రాలేదు. ఊరి మధ్యనుంచి పారే వాగును ఏటా వానలకు ముందు నున్నగా తయారుచేయడం అతని ఉద్యోగం. రాయి కనిపిస్తే ఏరించేవాడు. తుంగ కనిపిస్తే కోయించేవాడు. ఒడ్డుమీది చెట్టు నీళ్లలోకి తొంగిచూస్తే ఆ చెట్టుకు అదే ఆఖరి చూపు. వాగు ఎక్కడైనా వంకర తిరిగితే అతనికి ఒళ్లు మండేది. అతను పని ముగించాక అది వాగులా కాక ఇస్త్రీ చేసిన ప్యాంటులా ఉండేది. ఈ పోలిక అతని భార్యది. ఆవిడ దర్జీ.

ఇలా ఉండగా, రాళ్ల కింద చేపలుంటాయనీ, తుంగలో కప్పలుంటాయనీ, వాగును నున్నగా చేస్తే అవన్నీ ఇల్లూ వాకిలీ లేకుండా పోతాయనీ పైవాళ్లు కనిపెట్టారు. చేపలకు ఈ సంగతి ముందే తెలుసు కానీ వాటిని ఎవరూ అడగలేదు. దాంతో కొత్త నిబంధన వచ్చింది. వాగులో ఒక చోట పూడిక తీసి జీవుల ఆవాసం పాడుచేస్తే, మరో చోట అంతే ఆవాసం బాగుచేసి చూపించాలి. చూపించకపోతే పూడిక తీయడానికి అనుమతి లేదు. అనుమతి లేకపోతే శాఖకు పని లేదు. పని లేకపోయినా శాఖ నడుస్తుంది గానీ, సమావేశాల్లో మాట్లాడుకోవడానికి విషయం దొరకదు.

నునుపు ఇంజనీరుకు మాత్రం ఈ ఏడు వంతెన కింద పూడిక తీయడం చావుబతుకుల సమస్య. ఎందుకంటే వంతెన పక్కనే, శాఖ కార్యాలయానికి ఎదురుగా, అతని భార్య కుట్టు కొట్టు ఉంది. వంతెన కింద మట్టి పేరుకుంటే వానాకాలంలో వాగు పొంగి ముందుగా పలకరించేది ఆ కొట్టునే. బడి తెరిచే ముందు ఊళ్లోని పిల్లల యూనిఫారాలన్నీ ఆవిడే కుడుతుంది. గుడ్డల తానులు నేలమీదినుంచి కప్పుదాకా పేర్చి ఉంటాయి.

"ఏమండీ, ఈసారైనా వంతెన కింద పూడిక తీయిస్తారా, తీర్మానంతో సరిపెడతారా?" అని అడిగింది ఆవిడ అన్నం వడ్డిస్తూ.

"తీయిస్తాను. ఈసారి నీ కొట్టులోకి చుక్క నీరు రాదు. నా మాట నమ్ము."

"పోయినేడు కూడా ఈ మాటే నమ్మాను. తెల్లచొక్కాలన్నీ లాగుల రంగు దిగి నీలం చొక్కాలయ్యాయి. ఇప్పటికీ వాటితోనే ఇల్లు తుడుస్తున్నాను."

"పోయినేడు వేరు. అప్పుడు ప్రవాహ సామర్థ్య అంచనాలో కొంత..."

"అదిగో, మొదలైంది. మీది వాగు నిర్వహణ శాఖా, వాగుడు నిర్వహణ శాఖా? ఒక్కటి చెప్తున్నా వినండి. ఈసారి నీళ్లొస్తే ఈ కొట్టుకు నీళ్లొదులుకుంటాను. మిషన్లు తెచ్చి మీ ఆఫీసులో పెట్టేస్తాను."

ఆవిడ కోపంగా అంటే అతను భయపడేవాడు కాదు. మామూలుగా అంది. అందుకని భయపడ్డాడు.

మర్నాడు పెద్దసారు గదిలో ఇద్దరూ కూర్చుని, ఆవాసం ఎక్కడ బాగుచేయాలా అని ఆలోచించారు.

"నాకు తెలిసి వాగంతా నువ్వు నున్నగా చేసేశావు కదయ్యా. ఇప్పుడు ఆవాసం తేవాలంటే రాళ్లు వేయాలి, చెట్లు నాటాలి, వంకర తిప్పాలి. ఎంత కాలం పడుతుందంటావ్?"

"చెట్లు పెరగాలి కదండీ. మనం రిటైరయ్యాక చేపలు వస్తాయి."

"అవి అప్పుడొచ్చి మనకేం లాభం?" అని పెద్దసారు పెన్ను మూత తీసి మళ్లీ పెట్టారు. "ఇప్పటికే బాగున్న చోటు ఒక్కటీ మిగల్లేదా?"

మిగిలింది. ఊరి బయట, కొండ దిగి వాగు మొదటిసారి పక్కకు తిరిగే చోట ఒక మలుపుంది. జీపు పోయే దారి లేక ఇన్నాళ్లూ శాఖ కంట పడలేదు. అక్కడ పడిపోయిన చెట్టు మాను ఒకటి వాగుకు అడ్డంగా ఉంది. దాని వెనక నీళ్లు నిదానించి, గులకరాళ్ల మధ్య చేరి, తిరిగి తీరిగ్గా బయల్దేరతాయి. తుంగలో కప్పలు, రాళ్ల సందుల్లో వేలెడంత చేపలు, వాటికోసం వేర్లమీద కూర్చుని కాచుకుని ఉండే లకుముకి పిట్ట. నునుపు ఇంజనీరుకు ఆ మలుపంటే లోలోపల ప్రాణం. తనిఖీకి వెళ్తున్నానని చెప్పి, అప్పుడప్పుడూ క్యారేజీ పట్టుకుని అక్కడికి నడిచివెళ్లి మానుమీద కూర్చుని తినేవాడు. శాఖలో ఈ సంగతి ఎవరికీ తెలియదు. నునుపు ఇంజనీరుకు వంకర మలుపు నచ్చిందంటే పరువేం కావాలి?

ఆ మలుపు గురించి చెప్పగానే పెద్దసారు ముఖం వికసించింది.

"ఇంకేమయ్యా! బాగున్నదాన్ని బాగుచేయడం కంటే సుళువైన పనుందా? పడకుండా ఒక బోర్డు పాతించు. ఫొటోలు తీయించు. అనుమతి ఇచ్చే పరిశీలక సంఘాన్ని పిలుద్దాం. వంతెన దగ్గర పూడిక తీసేద్దాం. గట్టెక్కేశాం."

నునుపు ఇంజనీరు మనసులో ఒక చిన్న ముల్లు గుచ్చుకుంది. చేయని మంచికి బోర్డు కట్టడం అతనికి కొత్త కాదు కానీ, తనకిష్టమైన చోట కట్టడం కొత్త. అయినా లెక్క చూసుకున్నాడు. మలుపును ఎవరూ ముట్టుకోరు. వంతెన కింద మట్టి పోతుంది. కొట్టులోకి నీళ్లు రావు. ఇంత మందికి మేలు చేసే అబద్ధాన్ని కాదనడానికి తానెవరు?

ఇక్కడ గోడమీది పటం గురించి కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే మీరు పాపం జేసీబీ డ్రైవరును తిట్టుకుంటారు.

పెద్దసారు ఈ శాఖకు వచ్చిన కొత్తలో గోడమీద వాగు పటం ఉండేది. పైన కొండ, కిందికి మలుపు, ఇంకా కిందికి ఊరు, అట్టడుగున వంతెన, ఆ పక్కన శాఖ కార్యాలయం. నీళ్లు కాగితం మీద కూడా పైనుంచి కిందికే పారేవి. పెద్దసారు దాన్ని చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు.

"మన ఆఫీసు అట్టడుగున ఉందేమిటయ్యా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

నిజానికి ఆ పటాన్ని చూసేవాళ్లెవరూ లేరు. కానీ నునుపు ఇంజనీరు అప్పటికప్పుడు పటాన్ని విప్పించి, తలకిందులుగా తిప్పి, అక్షరాలు మాత్రం నిటారుగా ఉండేలా మళ్లీ రాయించి తగిలించాడు. శాఖ కార్యాలయం పైకెక్కింది. కొండ కిందికి దిగింది. పెద్దసారు అతని భుజం తట్టి, "దృక్పథం ఉన్న మనిషివయ్యా" అన్నారు. ఆ తట్టుడు తాలూకు హాయి చాలాకాలం అతని భుజంమీద ఉండిపోయింది. పటం సంగతి మాత్రం మర్చిపోయాడు.

ఇప్పుడు ఉత్తర్వు రాశాడు. "కింది వాగులో పూడిక తీయవలెను. పై వాగులో ఆవాసపు బోర్డు పాతవలెను. పై వాగును ఎవరూ తాకరాదు." వాగుల మనిషి కదా, నీళ్లు ఎటు పారతాయో ఆ లెక్కనే రాశాడు. కొండ పైన, వంతెన కింద. రాసి, సంఘం ముందు చదవాల్సిన ప్రసంగం తయారుచేయడంలో మునిగిపోయాడు. "పర్యావరణం" అన్న మాటకు ముందు "సమగ్ర" పెట్టాలా, వెనక "సమతుల్యత" పెట్టాలా, రెండూ పెడితే ఊపిరి సరిపోతుందా అని అతను తల పట్టుకున్న సమయంలో జేసీబీ డ్రైవరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, కింది వాగంటే ఎక్కడండీ?"

నునుపు ఇంజనీరు కాగితంమీదినుంచి తల ఎత్తలేదు. "గోడమీద పటం ఉంది కదయ్యా. చూసుకో" అని చెయ్యి ఊపాడు.

డ్రైవరు చూసుకున్నాడు. బోర్డు పాతేవాళ్లు కూడా వచ్చి చూసుకున్నారు. అందరూ సంతోషంగా వెళ్లిపోయారు.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే భార్య అంది. "ఏమండీ, మన వంతెన దగ్గర ఎవరో బోర్డు పాతి వెళ్లారు. చూశారా?"

"ఏం బోర్డు?"

"పునరుద్ధరించిన ఆవాసమట. ఇక్కడ నివసించే జీవులకు ఆటంకం కలిగించరాదట. నేను మన గురించే అనుకుని సంతోషించాను."

అతని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెయ్యి కడుక్కున్నాడో లేదో కూడా గుర్తులేదు, వంతెన దగ్గరికి పరుగెత్తాడు. మోకాలెత్తు మట్టి, దానిమీద అడవిలా పెరిగిన తుంగ, ఒక పాత టైరు, వాటన్నిటి మధ్యా తళతళలాడుతూ ఆకుపచ్చ బోర్డు. అక్షరదోషం ఒక్కటీ లేదు. అక్కడినుంచి మలుపుదాకా అతను పరుగెత్తాడని అతను చెప్పుకుంటాడు. కొంత దూరం పరుగెత్తి, ఎక్కువ దూరం రొప్పుతూ నడిచాడు.

జేసీబీ ఎలా వెళ్లిందో గానీ, తన దారి తానే చేసుకుని వెళ్లింది. మలుపు లేదు. మాను లేదు. గులకరాళ్లు ఒడ్డున కుప్ప పోసి ఉన్నాయి. వాగు కొండ దిగి, గీత గీసినట్టు తిన్నగా, నిలబడి పలకరించే తీరిక కూడా లేకుండా ఊరివైపు పారిపోతోంది. రెండు ఒడ్లూ అరచేయిలా నున్నగా ఉన్నాయి.

డ్రైవరు యంత్రం దిగి, చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"మీకు నచ్చేలా చేశానండీ. వంకరన్నది లేకుండా లాగేశా. చూసుకోండి, నీళ్లు ఎలా జారిపోతున్నాయో."

అతన్ని తిట్టడానికి నోరు తెరిచాడు నునుపు ఇంజనీరు. తిట్టు రాలేదు. తన జీవితమంతా మెచ్చుకుంటూ వచ్చిన పనితనమే అది. నిన్నటిదాకా దీన్ని ఇంకో చోట చూసి ఉంటే డ్రైవరుకు టీ ఇప్పించేవాడు. ఇన్నేళ్లలో తాను బాగుచేసిన చోటల్లా ఎవరికో ఇలాగే ఉండి ఉంటుందని మొదటిసారి తోచింది. ఏడుపొచ్చింది. గులకరాళ్ల కుప్పమీద కూర్చుందామని చూశాడు గానీ, అది జారి కూర్చోనివ్వలేదు. లకుముకి పిట్ట జేసీబీ తొండం చివర కూర్చుని, నీళ్లలోకి చూసి, ఇక లాభం లేదని తేల్చుకుని ఎగిరిపోయింది.

"బాగుందాండీ?" అన్నాడు డ్రైవరు.

"బాగుంది" అన్నాడు నునుపు ఇంజనీరు. ఏం చేస్తాడు? అది నిజంగానే బాగుంది.

ఇదంతా పెద్దసారుకు చెప్పాలని గట్టిగా నిశ్చయించుకున్నాడు. నిశ్చయం ఆఫీసు మెట్లదాకా గట్టిగానే ఉంది. మెట్లు ఎక్కేసరికి నీరుగారింది. పైగా పరిశీలక సంఘం అప్పటికే వచ్చి వరండాలో కాఫీ తాగుతోంది. ఒక రోజు ముందే వచ్చేశారట. వాళ్లకు మలుపు దాకా నడిచే ఓపిక లేదట. వంతెన దగ్గర ఏదో బోర్డు కనిపించిందట, అదేనా అని అడిగారట.

"అదేనండీ" అని పెద్దసారు చెప్పేశారు. ఏ బోర్డో, అక్కడికెలా వచ్చిందో ఆయనకు తెలియదు. అయినా బోర్డుంటే కాదనడం ఆయన సర్వీసులోనే లేదు.

సంఘం అధ్యక్షురాలు కళ్లజోడు పైకి నెట్టుకుని వంతెన కింద మట్టి మధ్య నీళ్లలోకి తొంగిచూసింది. తుంగ మొదళ్ల దగ్గర వేలెడంత చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. వాటి వెంటే వచ్చిన ఒక కొంగ టైరుమీద ఒంటికాలిమీద నిలబడి ఉంది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

"ఎంత సహజంగా ఉందండీ. మనిషి చెయ్యి పడ్డట్టే లేదు."

"మా ఇంజనీరు చెయ్యి అలాంటిదండీ. ఎక్కడా పడదు" అన్నారు పెద్దసారు గర్వంగా.

"ఈ చేపలు ఎక్కణ్నుంచి వచ్చాయి?"

నునుపు ఇంజనీరుకు తెలుసు ఎక్కణ్నుంచి వచ్చాయో. మలుపు చెదిరినప్పుడు ప్రాణాలు దక్కించుకుని కొట్టుకొచ్చినవి. కాసేపు నీళ్లు నమిలాడు. "పైనుంచి వలస వచ్చాయండీ."

"వాటంతటవే?"

"అంటే... మేము కొంత ప్రోత్సహించామండీ."

అధ్యక్షురాలు తల పంకించి, అక్కడికక్కడే ప్రకటించింది. ఇకమీదట ఈ చోటు రక్షిత ఆవాసం. ఇందులో పార గానీ, గంప గానీ, యంత్రం గానీ దిగకూడదు. ఒక్క పిడికెడు మట్టి తీయకూడదు.

నునుపు ఇంజనీరు రోడ్డుకు అటువైపు చూశాడు. భార్య కొట్టు తలుపు తీసే ఉంది. మిషను చప్పుడు వినిపిస్తోంది. తెల్లటి గుడ్డల తానులు కప్పుదాకా కనిపిస్తున్నాయి.

అభినందన సభ ఆ సాయంత్రమే సమావేశ మందిరంలో పెట్టారు. కుర్చీలు నిండకపోతే బాగుండదని వీధిలోని కొట్లవాళ్లందర్నీ పిలిచారు. అతని భార్య కూడా మెడలో కొలత టేపుతోనే వచ్చి వెనక వరుసలో కూర్చుంది. అధ్యక్షురాలు జ్ఞాపిక ఇచ్చింది. రెండు మాటలు మాట్లాడమన్నారు.

ఇప్పుడు చెప్పేయాలి, అనుకున్నాడు. అందరూ ఉన్నారు. ఇంతకు మించిన సమయం రాదు. గొంతు సవరించుకుని నిజం చెప్పాడు. అక్షరం పొల్లు పోకుండా చెప్పాడు. ఇదుగో, ఇలా చెప్పాడు:

"ప్రస్తుత ఆవాస పునరుద్ధరణ ప్రక్రియలో ఊర్ధ్వ, అధో భాగాల దిశాపరమైన అన్వయంలో సంభవించిన పరస్పర వినిమయం కారణంగా, నిర్వహణకు ఉద్దేశించిన భాగం పునరుద్ధరణకూ, పునరుద్ధరణకు ఉద్దేశించిన భాగం నిర్వహణకూ గురికావడం జరిగిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను."

"సవినయంగా" అన్న దగ్గర చప్పట్లు మొదలై చాలాసేపు మోగాయి. అధ్యక్షురాలు పక్కనున్నవాళ్లతో, "ఎంత వినయం" అంది. అతనికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నిజం చెప్పాడు, ఎవరూ కోప్పడలేదు. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాడు కదా అనుకున్నాడు. అనుకుంటూ వెనక వరుసవైపు చూశాడు. అతని భార్య కుర్చీ ఖాళీగా ఉంది.

సభయ్యాక పెద్దసారును పక్కకు తీసుకెళ్లి, ఈసారి కాస్త అర్థమయ్యేలా చెప్పాడు. పటం సంగతీ, జేసీబీ సంగతీ, మలుపు సంగతీ అన్నీ. పెద్దసారు కళ్లు మూసుకుని విన్నారు.

"అంటే పటం తప్పంటావా?"

"అవునండీ."

"ఆ పటాన్ని ఆమోదించింది నేను. కాబట్టి పటం తప్పు కాదు. ఉత్తర్వు రాసింది నువ్వు, ఇప్పుడే జ్ఞాపిక తీసుకున్నావు. కాబట్టి నువ్వూ తప్పు కాదు. ఇక మిగిలిందేమిటి?"

"వాగండీ."

"అంతే కదా. వాగు పటానికి విరుద్ధంగా పారుతోంది. సవరిద్దాం. రాసుకో. ఇకమీదట వంతెన వైపు ఎగువ, కొండ వైపు దిగువ. వాగు తదనుగుణంగా పారవలెను."

"పారకపోతేనండీ?"

"సంజాయిషీ అడుగుదాం."

నునుపు ఇంజనీరు రాసుకున్నాడు. కనీసం నవ్వి అయినా ఉండాల్సింది. నవ్వలేదు సరికదా, "తదనుగుణంగా" బాగుందండీ అని కూడా అన్నాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య కొట్టులోంచి తెచ్చిన గుడ్డల తానులు మూటలు కడుతోంది. కొట్టులో మిషన్లకు గోనెలు చుట్టేసి ఉన్నాయని తెలిసింది.

"సభలోంచి మధ్యలో వచ్చేశావేం? నేను మాట్లాడింది విన్నావా?"

"విన్నాను."

"అర్థమైందా?"

"ముక్క అర్థం కాలేదు. మీరలా మాట్లాడారంటే నీళ్లొస్తున్నాయని అర్థం. అందుకే మధ్యలో లేచొచ్చాను. మిషన్లు పైకి చేర్చాలి."

"పైకంటే?"

"పైకంటే పైకే. మీ పటంలో చూసుకోండి" అని మూట ముడి బిగించింది. ఆవిడ మొహంలోకి చూసే ధైర్యం అతనికి లేకపోయింది. మాట ఇచ్చి తప్పినవాడికి ఇంట్లో కుర్చీలు కూడా గట్టిగా తగులుతాయి. ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చోలేకపోయాడు.

వాన మొదలై ఆగకుండా కురిసింది. ఇదివరకు కొండమీది నీళ్లు మలుపు దగ్గర ఆగి, మాను వెనక ఊపిరి పీల్చుకుని నిదానంగా వచ్చేవి. ఇప్పుడు ఆపేది లేక, నునుపు ఇంజనీరుకు నచ్చిన వేగంతో ఒక్కుమ్మడిగా ఊరిమీదికి దూకాయి. వంతెన దగ్గరికొచ్చేసరికి అక్కడ రక్షిత ఆవాసం దారి మూసుకుని ఉంది. నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తిరిగాయి. వంతెన దగ్గర వాగు కొండవైపు ఎదురు పారడం ఊరంతా గొడుగులు పట్టుకుని చూసింది.

పెద్దసారు కార్యాలయం కింది అంతస్తులో కుర్చీమీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, కిటికీలోంచి అదే చూశారు. ఆయన కళ్లు మెరిశాయి.

"చూశావటయ్యా? తదనుగుణంగా పారుతోంది!"

ఆ మాట పూర్తయ్యేలోపు వాగు తదనుగుణంగా వరండా ఎక్కింది, గదిలోకొచ్చింది, కుర్చీని పలకరించింది. గోడమీది పటం మేకు ఊడి నీళ్లలో పడి, కాసేపు గింగిరాలు తిరిగి తిరిగి, కొండ పైనా వంతెన కిందా ఉండేలా సర్దుకుని తేలుతూ బయటికి వెళ్లిపోయింది. పటంలో ఎంత పైకెక్కించినా కార్యాలయం ఉన్నచోటే ఉందని తెలిసింది. ఎదురుగా కుట్టు కొట్టు తలుపు సగందాకా మునిగింది.

"పైకి పదండి, పైకి" అంటూ పెద్దసారు ప్యాంటు మోకాళ్లదాకా మడిచి మెట్లెక్కారు. వెనక నునుపు ఇంజనీరు, ఆ వెనక తడిసిన సిబ్బంది. మెట్లమీద ఏదో చప్పుడు వినిపిస్తోంది. టకటకటకటకమని, ఆగి మళ్లీ టకటకటకమని. సమావేశ మందిరం తలుపుకు ఒక ఆకుపచ్చ బోర్డు తగిలించి ఉంది. బురద కడిగేసి శుభ్రంగా ఉంది.

"పునరుద్ధరించిన ఆవాసం. ఇక్కడ నివసించే జీవులకు ఆటంకం కలిగించరాదు. వాగు నిర్వహణ శాఖ."

లోపల తీర్మానాలు చేసే పొడవాటి బల్లమీద కుట్టుమిషన్లు బారులు తీరి ఉన్నాయి. పెద్దసారు కుర్చీలో తెల్లచొక్కాల కుప్ప ఉంది. ఒక్కటి కూడా నీలం కాలేదు. నునుపు ఇంజనీరు భార్య మిషను తొక్కుతూ తలెత్తి చూసింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు పెద్దసారు. ఆయన మడతల్లోంచి నీళ్లు కారుతున్నాయి. "ఇది ప్రభుత్వ సమావేశ మందిరం. ఎవరు రమ్మన్నారు నిన్ను?"

"మీరేనండీ" అంది ఆవిడ దారం కొరుకుతూ. "ఒక చోట ఆవాసం పాడుచేస్తే, సరిసమానమైంది వేరొక చోట, వీలైనంత త్వరలో ఇచ్చి తీరతామని మీరే కదా ఈ గదిలో నిలబడి చదివింది. నా ఆవాసం అదుగో, కింద మునిగింది. సరిసమానమైంది చూసుకున్నాను. నిధులు కూడా అడగలేదు."

పెద్దసారు నునుపు ఇంజనీరువైపు తిరిగారు. "ఏమయ్యా, మీ ఆవిడే కదా. చెప్పు. ఇది రక్షిత ఆవాసం ఎందుకు కాదో, దిశాపరంగా, అన్వయపరంగా, నీకు వచ్చిన భాషలో ఒక నాలుగు మాటలు చెప్పు."

అందరూ అతనివైపు చూశారు. నాలుక చివరన "ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా" అన్న మాట అలవాటుగా వచ్చి నిలబడింది. తెల్లచొక్కాల కుప్పవైపు చూశాడు. ఆ మాటను మింగేశాడు.

"తప్పు నాదండీ" అన్నాడు. "మిమ్మల్ని మెప్పించడానికి పటం తలకిందులు చేసింది నేను. వంతెన కింద మట్టి తీయలేదు, మంచి మలుపును తవ్వించేశాను. మనం ఏ ఆవాసాన్నీ బాగుచేయలేదు. ఆ జ్ఞాపిక తిరిగిచ్చేస్తాను, ఆ రాళ్లు ఎక్కడివక్కడ పెట్టించేదాకా నేను ఇంకే వాగునూ ముట్టుకోను."

మందిరంలో మిషను ఆగిపోయింది. సిబ్బంది ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఇదేమిటయ్యా" అన్నారు పెద్దసారు నిజంగానే హడలిపోయి. "మాటలన్నీ అర్థమవుతున్నాయి! ఇలా మాట్లాడితే శాఖ ఏమైపోవాలి?"

నునుపు ఇంజనీరు భార్య లేచి, చొక్కాల కుప్ప పక్కకు జరిపి, ఆ కుర్చీని మొగుడివైపు తోసింది.

"కూర్చోండి" అంది. "ఇన్నేళ్లకి వాగడం మానేసి మాట్లాడారు."